మడచెట్టుగా మారిన ఆడమనిషి: నా బొమ్మ చూసి మొహమాటం లేకుండా చెప్పండి

గట్టుపిల్ల · శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. మాది ముమ్మిడివరం పక్కన, గౌతమి గట్టు మీద ఊరు. పగలు పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసి బతుకుతాను, రాత్రి నాకోసం వేసుకుంటాను.

బొమ్మ జతచేశాను. నెట్ సరిగ్గా లేనివాళ్ళ కోసం మాటల్లో కూడా చెబుతాను. నల్ల ఇంకు, పైన పల్చగా నీటిరంగు. బురదలో ఒకావిడ నిలబడి ఉంటుంది. మోకాళ్ళ దాకా మనిషే. అక్కణ్ణించి చర్మం బెరడై, కాళ్ళు మడచెట్టు వేళ్ళయిపోతాయి. చుట్టూ బురదలోంచి శ్వాసవేళ్ళు పొడుచుకొచ్చి ఉంటాయి. విరబోసుకున్న జుట్టు ఏడు పాయలై వెనకాల సముద్రంలో కలుస్తుంది. చెవులకి బుట్టల బదులు మడకాయలు, చెట్టుమీద ఉండగానే మొలకెత్తుతాయే, అవి. నెత్తిమీద వలలాంటి మేలిముసుగు. మనిషీ చెట్టూ కలిసేచోట కలువపూలు.

పేరు 'మడమ్మ' అని పెట్టాను. అధివాస్తవికత, అదే సర్రియలిజం, ఆ వరసలో బొమ్మ అనుకునే వేశాను.

ఎక్కడో తేడా కొడుతోంది, ఎక్కడో తెలియట్లేదు. వారం నుంచి గోడకి అంటించి చూస్తున్నా. కిరాణా కొట్టు క్యాలెండర్‌లాగా అనిపిస్తోంది. తిట్టండి, పర్లేదు.

తిక్కశంకరం · శనివారం, రాత్రి 11:05

గీత శుభ్రంగా ఉందండి, ముందా మాట చెప్పేశాను కాబట్టి ఇక తిట్టొచ్చు.

ఫోన్ తెరిస్తే చాలు, ఒకావిడ జుట్టు మర్రి ఊడలు, ఇంకొకావిడ పొట్టలో భూగోళం, మరొకావిడ కన్నీళ్ళు జలపాతం. ఆడమనిషిని చెట్టో పుట్టో చెయ్యనిదే చిత్రకారులకి నిద్ర పట్టదేమో. మగాణ్ణి ఒక్కరన్నా గుమ్మడిపాదు చేశారా? నేను రెడీగా ఉన్నాను, పొట్ట కూడా సరిపోతుంది.

కుంచె మాస్టారు · ఆదివారం, ఉదయం 5:50

శంకరం గారి గుమ్మడిపాదు సంగతి తర్వాత చూద్దాం. ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా చేసి దిగినవాణ్ణి, పొద్దున్నే లేచి మాట్లాడటం అలవాటు. కాస్త పొడుగవుతుంది.

ఈ అతుకుల బొమ్మలు మనకి కొత్తవి కావు. నవనారీ కుంజరం చూశారా? తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు ఒరిగి ఏనుగవుతారు. ఒకామె చెయ్యి తొండం, ఇంకొకామె కాలు ఏనుగు కాలు. అయిదుగురైతే గుర్రం. గుడి చెక్కడాల్లోనూ ఉంది, పాత చిత్రాల్లోనూ ఉంది. అటు ఇటలీలో పదహారో శతాబ్దంలో ఆర్చింబోల్దో అనే ఆయన పళ్ళూ కూరగాయలూ పేర్చి మనుషుల మొహాలు వేశాడు. కానీ వీటిని నేను అధివాస్తవికత అనను. ఇది నేర్పు, పొడుపుకథ. విప్పగానే 'ఓహో' అని నవ్వుకుంటాం, ఇంటికెళ్ళిపోతాం.

1924లో పారిస్‌లో ఆంద్రే బ్రెతోఁ అనే కవి అధివాస్తవికత మానిఫెస్టో రాశాక వచ్చిన వరస వేరు. అక్కడ విప్పడానికేం లేదు. కలలో మీ అమ్మ తలుపు తీస్తే లోపల సముద్రం ఉంటుంది, కలలో అది మీకు వింతగా ఉండదు. లేచాక భయమేస్తుంది. తెలుగులో ఆ గాలి ముందు కవిత్వానికి తగిలింది, శ్రీశ్రీకీ శ్రీరంగం నారాయణబాబుకీ. బొమ్మల్లోకి అంత గట్టిగా రాలేదని నా బాధ.

నీ బొమ్మలో నాకు భయం వెయ్యలేదు తల్లీ. చక్కగా ఉంది. అదే దాని జబ్బు.

నీలాటిరేవు · ఆదివారం, ఉదయం 8:20

మాస్టారు మెత్తగా అన్నారు, నేను కాస్త గట్టిగా అంటాను.

స్త్రీని ప్రకృతితో పోల్చడం మన కావ్యాలకి ఊపిరి. ఆవిడ కాలితో తంతే అశోకం పూస్తుంది, పుక్కిట మద్యం ఊస్తే పొగడ పూస్తుంది, కౌగిలించుకుంటే గోరంట పూస్తుంది. దీనికి దోహదమని పేరు. అన్ని చెట్లు పూయించిన ఆవిడకి కాలు నొప్పెట్టిందా అని ఒక్క కవీ అడగలేదు.

ఎవరు, ఎందుకు చెట్టవుతున్నారన్నది చూడాలి. గ్రీకు కథలో డాఫ్నీ వెంటపడుతున్న దేవుణ్ణించి పారిపోలేక చెట్టయింది. రోములో బెర్నీనీ శిల్పం ఫొటో చూడండి, వేళ్ళ కొసల్లోంచి ఆకులు, కాలివేళ్ళలోంచి వేళ్ళు, నోరు కేకలో తెరుచుకుని ఉంటుంది. అది అలంకారం కాదు, తప్పించుకోవడం. మన దగ్గరైతే అహల్య. ఆవిడ భర్త గౌతముడి పేరు మోస్తూ గౌతమి ఈ గట్టు పక్కనించే పారుతోంది, ఆవిడేమో మనం విన్న కథలో రాయి.

గట్టుపిల్ల గారూ, మీ మడమ్మ ఎందుకు మడచెట్టయింది? బొమ్మలో దానికి జవాబు లేదు. మొహంలో ప్రశాంతత ఉంది, అంతే. ఎవరో కూర్చోబెట్టి పూజ చేస్తున్నట్టు.

తిక్కశంకరం · ఆదివారం, ఉదయం 8:31

ఇంకోటి గమనించారా? జుట్టు ఆవిడది, అందులో ఏడు పాయలకీ మగాళ్ళ పేర్లు. గౌతమి, వసిష్ఠ, ఆత్రేయ, భరద్వాజ... సప్తఋషులూ ఆవిడ జడలోనే కాపురం.

గట్టుపిల్ల · ఆదివారం, ఉదయం 9:15

శంకరం గారూ, చచ్చాను. ఇక ఆ జుట్టు నేను మామూలుగా చూడలేను.

నీలాటిరేవు గారూ, మీ ప్రశ్నకి నా దగ్గర జవాబుందో లేదో ఆలోచిస్తున్నా. సాయంత్రం రాస్తా.

కోరంగి బాబాయ్ · ఆదివారం, మధ్యాహ్నం 1:10

పెద్ద విషయాలు నాకు తెలీవండి. తాళ్ళరేవు మాది, మడ అడవిలో పడవ మీద జనాన్ని తిప్పుతా. బొమ్మ చూశా. కోప్పడకండేం, చెట్టు తప్పు.

మీరు వేసిన శ్వాసవేళ్ళు, పెన్సిళ్ళలాగా నిటారుగా పైకి లేచినవి, అవి మడవి. తెల్లమడ, నల్లమడ రెండింటికీ ఉంటాయి. చెవులకి వేలాడదీసిన పొడుగుకాయలు ఉప్పుపొన్నవి. ఉప్పుపొన్నకి పెన్సిళ్ళుండవు. దానికి కాండం నుంచి వంగి దిగిన ఊతవేళ్ళుంటాయి, దూరం నుంచి చూస్తే బోలెడు కాళ్ళ మీద నిలబడ్డట్టు ఉంటుంది. మీరు దాని కాయ తీసుకెళ్ళి దీని చెవికి పెట్టారు.

మడకాయా మొలకెత్తుతుంది చెట్టు మీదే, కానీ బయటికి కనబడదు. తొక్క లోపలే మొలక ముడుచుకుని ఉంటుంది, చిక్కుడుగింజంత. పొన్నకాయ అలా కాదు, కాయని చీల్చుకుని జానెడూ మూరెడూ కిందికి సాగుతుంది. బరువెక్కాక ఊడి పడుతుంది. పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, పడితే బురదలో నిటారుగా దిగబడుతుంది, పోటు మీద పడితే నీళ్ళలో తేలుకుంటూ ఎక్కడికో పోతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు కలువపూలు. ఉప్పునీళ్ళలో కలువెక్కడిదండీ? మా కాలవలో ఒక్క కలువ చూపిస్తే జీవితాంతం పడవ ఫ్రీ.

కుంచె మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 1:34

కోరంగి బాబాయ్, నీకు నమస్కారమయ్యా. నేను పొద్దుణ్ణించి వెతుకుతున్నది నీకు దొరికింది.

అమ్మాయ్, కలువపూలు ఎక్కడ పెట్టావు? మనిషీ చెట్టూ కలిసే అతుకు దగ్గర. ఎందుకు పెట్టావు? ఆ అతుకు వెయ్యడం నీకు రాక. మోకాలిచిప్ప బెరడులోకి ఎలా మారుతుంది, పిక్క కండ ఎక్కడ ఆగుతుంది, చీలమండ ఎముక ఏ కణుపవుతుంది, ఇదంతా తేల్చుకోవాల్సిన చోట పూలగుత్తి పడేశావు. నా క్లాసులో పిల్లలు చేతివేళ్ళు వెయ్యడం రాకపోతే చేతిలో గులాబీ పెట్టేవాళ్ళు. అదే ఇది.

ఈ రకం బొమ్మకి ప్రాణం అతుకులోనే ఉంటుంది. మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాహ్లో 1943లో వేసిన 'వేళ్ళు' చూడు. బీటలువారిన నేల మీద తను పడుకుని ఉంటుంది, తెరుచుకున్న ఛాతీలోంచి తీగ పాకుతుంది, ఆకుల అంచుల నుంచి నెత్తుటి నరాలు నేలలోకి దిగుతాయి. అతుకు దాచలేదు, అతుకే చూపించింది. 1925లో బస్సు ప్రమాదంలో వెన్నెముక విరగ్గొట్టుకున్న మనిషి. తనని అధివాస్తవికుల్లో కలిపితే ఒప్పుకునేది కాదు, తను వేసేది కలలు కాదు తన బతుకేనని ఆవిడ వాదన.

నీలాటిరేవు · ఆదివారం, మధ్యాహ్నం 1:50

ఇప్పుడే తట్టింది. మడమ్మ అని పేరు పెట్టి మడమలు కనబడకుండా చేశారేంటండీ!

పిక్సెల్ పంతులు · ఆదివారం, సాయంత్రం 4:02

ఇంత చర్చ ఎందుకండీ. ఏఐకి 'మడ అడవి, స్త్రీ, అధివాస్తవిక చిత్రం' అని ఇచ్చా, నలభై సెకన్లలో నాలుగొచ్చాయి. జతచేశా, చూసుకోండి. కాలం మారింది.

కోరంగి బాబాయ్ · ఆదివారం, సాయంత్రం 4:20

మొదటి దాంట్లో మర్రిచెట్టు. రెండో దాంట్లో ఏదో చలిదేశం ఆకు, మూడుపాయలుగా ఉంది. మూడో దాంట్లో నీళ్ళు మరీ నీలంగా ఉన్నాయి, మా నీళ్ళు టీ రంగులో ఉంటాయి. నాలుగోది బావుంది కానీ ఆవిడకి ఎడం చేతికి ఆరు వేళ్ళు.

తిక్కశంకరం · ఆదివారం, సాయంత్రం 4:26

ఆరోది శ్వాసవేలేమో బాబాయ్.

పిక్సెల్ పంతులు · ఆదివారం, సాయంత్రం 4:40

నవ్వండి నవ్వండి. వచ్చే ఏడాదికి వేళ్ళు సరిచేసుకుంటుంది.

కుంచె మాస్టారు · ఆదివారం, సాయంత్రం 5:15

సరిచేసుకుంటుంది పంతులుగారూ, నాకు అనుమానం లేదు. యంత్రం మీద కోపమూ లేదు, నేనూ మనవడి టాబ్లెట్ మీద గీకుతున్నాను. నాకు కావలసింది ఒకటే. ఆ నాలుగు బొమ్మల్లోనూ ఆవిడ మొహం నున్నగా, తెల్లగా, ఇరవై ఏళ్ళకి మించకుండా ఉంది. మీరు వయసు చెప్పలేదు, రంగు చెప్పలేదు, అది ఊహించుకుంది. గట్టుపిల్ల మడమ్మా అంతే నున్నగా ఉంది చూడండి. యంత్రం ఊహించిందీ ఈ అమ్మాయి ఊహించిందీ ఒకటే అయితే తప్పు యంత్రానిది కాదు.

లేసు పిన్ని · ఆదివారం, రాత్రి 8:45

నర్సాపురం పక్కన మాది. బొమ్మల గురించి నాకేం తెలీదు కానీ నెత్తి మీద ముసుగు చూసి ఆగలేకపోయా. లేసు వేద్దామనుకుని వల వేశావమ్మా.

వలకి ముడి ఉంటుంది, లేసుకి ముడుండదు. లేసు ఒక్కటే దారం, ఒక్కటే కొక్కెం సూది. మొదట చిన్న గొలుసు అల్లి గుండ్రంగా కలుపుతాం. ఆ గుండ్రం మీద పోచలు నిలబెట్టుకుంటూ చుట్టూ తిరుగుతాం. అందుకే ఎంత పెద్ద బల్లగుడ్డయినా మధ్యలో ఒక బొడ్డుంటుంది. దారం కొస లాగితే మొత్తం ఊడిపోతుంది. నీ ముసుగులో బొడ్డే లేదు, ఎక్కడ మొదలెట్టావో తెలీదు.

పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పారట మా వాళ్ళకి. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, పేపర్లో వేశారు. మా అత్తగారు అరవై ఏళ్ళు అల్లింది. ఆవిడ కుడిచేతి చూపుడువేలు కొస దగ్గర సూది ఆని ఆని గాడి పడిపోయింది, బియ్యపుగింజ పెడితే అందులో కూర్చునేంత. నిన్నగాక మొన్న పోయింది. స్నానం చేయించేటప్పుడు ఆ వేలే చూస్తూ కూచున్నాను.

నీ బొమ్మలో వేళ్ళు మరీ అందంగా ఉన్నాయి.

నీలాటిరేవు · ఆదివారం, రాత్రి 8:58

పిన్నిగారూ, బొమ్మల గురించి తెలీదని మళ్ళీ అనకండి.

తిక్కశంకరం · ఆదివారం, రాత్రి 9:10

నిజం పిన్నీ. మనసులో పెట్టుకోకండి, ఇప్పటిదాకా జోకులేశాను.

అన్నట్టు మీకు ఎదురుగానే కదా అంతర్వేది. చిన్నప్పుడు తీర్థానికి వెళ్ళినప్పుడు మా బామ్మ గుర్రాలక్క గుడి దగ్గర చెప్పిన కథ గుర్తొచ్చింది. రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తురు చుక్క నేల మీద పడితే చుక్కకొక రాక్షసుడు పుడతాడు. అందుకని అమ్మవారు నాలుక చాపి భూమంతా పరిచేసింది, ఒక్క చుక్క కింద పడకుండా. తర్వాత ఆ నెత్తురు నదై పారిందంటారు, రక్తకుల్య అని. ఇసకంతా ఒక ఆడదాని నాలుక! రెండు రాత్రులు కాలు కింద పెట్టలేదు నేను, నేల మెత్తగా తగిలితే చాలు ఏడుపు. మాస్టారు చెప్పిన భయం అంటే అదేనా?

కుంచె మాస్టారు · ఆదివారం, రాత్రి 9:22

అదే. పారిస్ దాకా వెళ్ళక్కర్లేదు, సఖినేటిపల్లి రేవు దాటితే చాలు. ధనుర్మాసం వాకిట్లో చూడండి, పేడముద్దకి పసుపు పెట్టి, బొట్టు పెట్టి, నెత్తిన గుమ్మడిపువ్వు గుచ్చి గొబ్బెమ్మ అంటాం, గోపిక అంటాం, చుట్టూ తిరిగి పాడతాం. బయటివాడు చూస్తే కళ్ళు తేలేస్తాడు. మనకది అలవాటయిపోయి వింత చచ్చిపోయింది. శంకరం గారికి గుమ్మడిపాదు కావాలన్నారు కదా, పువ్వు ఎవరి నెత్తిన ఉందో చూసుకోండి.

గట్టుపిల్ల · ఆదివారం, రాత్రి 11:30

సాయంత్రం రాస్తానన్నా, ఇప్పటికి కుదిరింది. నీలాటిరేవు గారి ప్రశ్నకి జవాబు.

మా అమ్మ రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. ఏ షెడ్డో చెప్పను. తెల్లారకుండా ఆటో వస్తుంది, పన్నెండు మందిని కుక్కుకుని పోతుంది. తలకాయ తియ్యడం, పెంకు వలవడం, నరం లాగడం. కిలోకింత అని. రోజంతా నిలబడే. కింద ఎప్పుడూ ఐసునీళ్ళు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పితే పాదాలు తెల్లగా ఉబ్బి, ముడతలు పడి, ఒలిచిన రొయ్యలాగే ఉంటాయి. మడమలకి నిలువునా పగుళ్ళు, ఉప్పు దిగితే మండుతాయని రాత్రి కొబ్బరినూనె కాచి పోసుకుంటుంది.

కిందటి సంక్రాంతికి అందరం కోరంగి మడ అడవికి వెళ్ళాం. పాటు తీసి ఉంది. చెక్కవంతెన మీంచి అమ్మ ఆ వేళ్ళ వంక చూసి, ఇవి నా కాళ్ళలా ఉన్నాయే అంది. అంతే, నవ్వేసి ముందుకెళ్ళిపోయింది. బొమ్మ అక్కడ పుట్టింది.

ఇంటికొచ్చి వేసేటప్పటికి అమ్మ పోయి దేవతొచ్చింది. మొహం మార్చాను. వయసు తగ్గించాను. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు, మాస్టారన్నట్టు నేర్పు లేకనే అనుకున్నా. ఇవాళ నీలాటిరేవు గారు మడమల మాట అన్నాక తెలిసింది, నేర్పు లేక కాదు. చూడబుద్ధి కాక.

ఇంకో చిన్న సంగతి. మూడేళ్ళ కింద కొబ్బరికాయ మూడు కళ్ళలో ఒక ఆడమనిషి మొహం వేసి నెట్‌లో పెట్టాను. మా టౌనులో ఒక ప్రింటింగు ప్రెస్సు అడక్కుండా దాన్ని పెళ్ళికార్డు మీద వేసేసింది, కింద 'శుభమస్తు' అని. మా ఇంటికే వచ్చింది ఆ కార్డు. అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది, కూతురి బొమ్మ అచ్చయిందని. నాకు డబ్బు రాలేదని ఏడుపు, ఆవిడకి పండగ. అప్పట్నుంచీ అందరికీ నచ్చేలా వెయ్యడం ఒక రోగంలా పట్టుకుందేమో నాకు.

నీలాటిరేవు · సోమవారం, ఉదయం 7:05

నిన్న నేనన్న మాటలో కొంత వెనక్కి తీసుకుంటున్నా. ఆడమనిషి చెట్టవడమే తప్పన్నట్టు రాశాను. మీ అమ్మగారు తన నోటితో 'ఇవి నా కాళ్ళు' అన్నారు. ఇక్కడ కవి ఆవిడే. పోలిక ఎవరు చేశారన్నదే నాకు కావలసింది.

అహల్య గురించి కూడా ఒక మాట. రాయి అన్నది మనం విన్న కథ. వాల్మీకంలో రాయి లేదు. గాలి మాత్రమే తింటూ, బూడిదలో పడుకుని, ఎవరి కంటికీ కనబడకుండా వేల ఏళ్ళు అక్కడే ఉండమంటాడు గౌతముడు. గాలి తిని బతకడం. నిన్నంతా శ్వాసవేళ్ళ గురించి చదువుతుంటే అదే మెదిలింది.

కోరంగి బాబాయ్ · సోమవారం, ఉదయం 9:40

ఆ వేళ్ళు గాలి తినే మాట నిజమేనమ్మా. బురదలో గాలాడదు, అందుకే పైకి లేస్తాయి. వాటి మీద సన్నసన్న బొడిపెలుంటాయి, అక్కణ్ణించి పీల్చుకుంటాయి. పోటు వస్తే మునిగి ఊపిరి బిగబట్టుకుంటాయి, పాటు తీశాక మళ్ళీ వదుల్తాయి. రోజుకి రెండుసార్లు.

ఇంకోటి. తెల్లమడ ఆకు నాలిక్కి రాస్తే ఉప్పగా ఉంటుంది. వేళ్ళు కొంత ఉప్పు ఆపుతాయి, తోసుకొచ్చింది ఆకు మీంచి బయటికి కక్కుతుంది. ఎండలో చూస్తే సన్నగా పొడి మెరుస్తుంది, చెమట ఆరిన చొక్కా మీద తెల్లచార ఉంటుందే, అలాగ. మీ అమ్మగారి జాకెట్టు వీపు మీద కూడా ఉండే ఉంటుంది. మోకాళ్ళ దగ్గర పూలు తీసేసి ఆ ఉప్పు వేసుకోండి.

పిక్సెల్ పంతులు · సోమవారం, ఉదయం 10:02

ఇది ఏఐకి చెప్పి చూస్తా.

పిక్సెల్ పంతులు · సోమవారం, ఉదయం 10:09

మంచు వేసింది.

తిక్కశంకరం · సోమవారం, ఉదయం 10:11

మడ అడవిలో మంచు. బాబాయ్, టిక్కెట్టు రేటు పెంచుకో.

నిర్వాహకుడు · సోమవారం, మధ్యాహ్నం 12:00

పంతులుగారిని మరీ ఆడుకోకండి. మధ్యలో మూడు వ్యాఖ్యలు తీసేశాను, రొయ్యల షెడ్డు పేరు ఊహించి రాసినవి. ఆవిడ చెప్పనన్నారు, మనమూ చెప్పొద్దు.

కుంచె మాస్టారు · సోమవారం, సాయంత్రం 6:30

పని మాటలు కొన్ని. మోకాలి నుంచి కిందికి ఇంకు గీతతో కాకుండా చుక్కలతో దిగు. గీత ఎక్కడైనా 'ఇక్కడితో మనిషి అయిపోయింది' అని చెప్పేస్తుంది, చుక్క చెప్పదు. మడమ పగులు నిలువు, బెరడు చీలిక కూడా నిలువే. ఆ రెండూ ఒకే దిక్కుకి పారనీ, ఏది ఏదో కన్ను తేల్చుకోలేకపోవాలి. ఆకుపచ్చ దాదాపు మానెయ్యి. బూడిదరంగూ, టీ రంగూ చాలు. కాళ్ళు వేసేముందు అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఒక గంట పాదాలు చూసి పెన్సిల్‌తో వెయ్యి. ఫొటో తీసుకోకు.

మా రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. వీలైతే ఒకసారి రా. 1897లో పుట్టి 1925లోనే పోయాడాయన, ఇరవై ఏడేళ్ళు. బొంబాయి వెళ్ళి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకుని కూడా మన మనుషుల్నే వేశాడు. ఆడవాళ్ళు ఎలా నిలబడ్డారో చూడు, బరువు ఏ కాలి మీద ఉందో ప్రతి బొమ్మలోనూ తెలుస్తుంది. నీ మడమ్మకి బరువు లేదు, గాల్లో తేలుతోంది.

లేసు పిన్ని · సోమవారం, రాత్రి 9:00

ముసుగు ఉంచుతావా తీసేస్తావా? ఉంచేటట్టయితే ఒక ముక్క కొరియర్‌లో పంపుతా, చూసి వేసుకో. మా అత్తగారు సగంలో వదిలేసింది, సూది ఇంకా దానికే ఉంది.

గట్టుపిల్ల · సోమవారం, రాత్రి 9:12

పంపండి పిన్నీ. సూది తియ్యకుండా పంపండి.

గట్టుపిల్ల · మరుసటి ఆదివారం, రాత్రి 10:05

రెండో బొమ్మ జతచేశాను.

కలువలు తీసేశా. జుట్టు ముడి వేసేశా, షెడ్డులో విరబోసుకోనివ్వరు, ఏడుగురు ఋషులూ ముడిలోనే సర్దుకోవాలి. చెవులకి ఏమీ లేవు. ముసుగు నెత్తి మీంచి తీసి చేతుల్లో పెట్టాను. బొడ్డు ఉంది, సగం అల్లి ఉంది, దారం కొస కిందికి జారి ఒక శ్వాసవేరుకి చుట్టుకుంది. మొహం అమ్మది. మోకాళ్ళ కింద అంతా చుక్కలే, నాలుగు రాత్రులు పట్టింది. పిక్కల మీద ఉప్పు. పాదాల దగ్గర కాగితం అంచు కోసెయ్యకుండా మడమలు రెండూ వేశాను.

కూర్చోబెట్టి పాదాలు చూడమన్నారు కదా మాస్టారూ. అమ్మ మొదట పదినిమిషాలు కాళ్ళు చీర కిందికి లాక్కుంటూనే ఉంది. తర్వాత నిద్రపోయింది. నిద్రలో కాలివేళ్ళు విడివిడిగా కదులుతాయని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

కోరంగి బాబాయ్ · మరుసటి ఆదివారం, రాత్రి 10:20

ఇప్పుడు చెట్టు కరెక్టు. తెల్లమడే. పోటు గీత కూడా వేశారు కాండం మీద, నేను చెప్పలేదు కూడా.

కుంచె మాస్టారు · సోమవారం, ఉదయం 5:40

ఎడమ మడమ దగ్గర నాలుగంగుళాల మేర ఏది చర్మమో ఏది చెట్టో తేల్చుకోలేకపోయాను. అద్దం పెట్టి కూడా చూశాను. కుడి మోకాలు ఇంకా కొంచెం బొమ్మలాగే ఉంది. పర్వాలేదు.

తిక్కశంకరం · సోమవారం, ఉదయం 7:30

నాకు కాళ్ళు నొప్పెట్టాయండి చూస్తుంటే. జోకు కాదు.

నీలాటిరేవు · సోమవారం, ఉదయం 7:48

అమ్మగారు చూశారా? ఏమన్నారు?

గట్టుపిల్ల · సోమవారం, రాత్రి 9:50

ఇవాళే చూపించా. షెడ్డు నుంచి రాగానే. ఫోన్‌లో కాదు, కాగితమే ఒళ్ళో పెట్టాను. చాలాసేపు చూసింది. ముందు, చిటికెనవేలు వంకర కుడికాలిది, ఎడమకాలికి వేశావు అంది. నిజమే, ఎదురుగా కూచుని వేశాను కదా, తారుమారైంది. తర్వాత వేలితో ఉప్పు తుడవబోయింది.

చివరికి, 'ఇందులో కూడా నిలబెట్టావేంటే నన్ను. కాసేపు కూర్చోబెట్టొచ్చు కదా' అంది.

అప్పట్నుంచి కొత్త కాగితం ముందేసుకుని కూచున్నా. వేళ్ళు దిగిపోయిన మనిషి ఎలా కూర్చుంటుందో తెలియట్లేదు. బాబాయ్, మడచెట్టు ఒరిగిపోయాక బతుకుతుందా? పడుకుని ఉన్న మడచెట్టు ఎప్పుడైనా చూశారా?

కోరంగి బాబాయ్ · సోమవారం, రాత్రి 10:15

ఉప్పుపొన్న అయితే కష్టమమ్మా, ముదురు కొమ్మ నరికితే మళ్ళీ చిగురెయ్యదు. మడ వేస్తుంది. మా పాయలో మలుపు దగ్గర ఒకటుంది, ఏ తుఫానుకి ఒరిగిందో మా నాన్నకి తెలుసేమో. బురద మీద చెయ్యి ఆనించుకుని పక్కకి వాలినట్టు ఉంటుంది. కింద పడ్డ మాను మీంచే నాలుగు కొమ్మలు పైకి లేచాయి, కొంగలు వాలతాయి.

గురువారం పొద్దున్న పాటు బాగా తీస్తుంది, ఆరింటికల్లా రేవుకి రండి. అమ్మగారిని కూడా తీసుకురండి, పడవలో కూర్చునే చూడొచ్చు.

గట్టుపిల్ల · సోమవారం, రాత్రి 10:21

గురువారం షెడ్డుంది. అడుగుతా.